గాలి చూసి మొలక కట్టాలి: ఉప్పాడ వేసవిలో ఇంటి మొలకలపై ఒక సమీక్ష

వేసవిలో పెసలు మొలకెత్తించడం కష్టమేమీ కాదు. రాత్రి నానేసి, తెల్లవారుజామున నీళ్లు వంపేసి మూట కడితే చీకటి పడేసరికి తోకలు కనిపిస్తాయి. పుష్యమాసంలో ఇదే పనికి రెండు రోజులు పడుతుంది. తంటా అంతా ఆ తరవాతే. మొలక ఎంత తొందరగా వస్తుందో జిగటా అంత తొందరగానే వస్తుంది. మూట విప్పగానే పులిసిన వాసన, వేలికి అంటుకుని సాగే బంక, అడుగు వరసలో మెత్తబడి రంగు మారిన గింజలు తీరం వెంబడి ఇళ్లలో ఏటా చూసేవే. చాలామంది ఉగాది వెళ్లగానే మొలకలు మానేసి, మళ్లీ వానలు పడ్డాకే మొదలుపెడతారు.

మానేయాల్సిన పని లేదు. కాకపోతే వేసవి మొలకల గురించి అందరూ చెప్పే సలహాలు, అంటే తడిబట్ట చుట్టమనడం, మట్టికుండలో పెట్టమనడం, నీళ్లు చల్లుతూ ఉండమనడం, పొడి ఎండలు కాసే ప్రాంతాలకు సరిపోయినట్టు సముద్రపు ఒడ్డుకు సరిపోవు. ఉప్పాడలాంటి ఊళ్లో ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు, చేసినా ఆ మొలకల్ని పచ్చిగా తినవచ్చా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలిపేయడం వల్లే గందరగోళం.

ఒకే ఊరు, రెండు వేసవులు

2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరిలో ఉండి, ఇప్పుడు కాకినాడ జిల్లాలోకి వచ్చిన ఉప్పాడకు పేరు తెచ్చినవి రెండు: కడలి కోత, జమ్‌దానీ నేత. ఆ నేత చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాలిలో కాస్త తేమ ఉంటే నూలు పోగు తొందరగా తెగదని నేత పనివారికి తెలుసు. మగ్గానికి మేలు చేసే ఆ తేమే మొలకల మూటకు చేటు.

ఎందుకో చూద్దాం. తడిబట్ట చల్లగా ఉండేది అందులోని నీరు ఆవిరవుతున్నంత సేపే. గాలి పొడిగా ఉంటే నీరు జోరుగా ఆవిరవుతుంది, తేమగా ఉంటే ఆవిరవడం మందగిస్తుంది. ఉప్పాడ వేసవిలో ఈ రెండు రకాల గాలులూ వీస్తాయి. మామూలు రోజుల్లో పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. ఎండ తీవ్రత కొంచెం తగ్గుతుంది గానీ ఒళ్లంతా చెమట, ఉక్కపోత. కొన్ని రోజులు మాత్రం పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు ఎక్కనివ్వదు. ఆ రోజున వేడి 40 డిగ్రీలు దాటుతుంది, పెదవులు పగులుతాయి, ఆరేసిన బట్ట గంటలో గలగలలాడుతుంది.

లెక్క వేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. గాలి 42 డిగ్రీల వేడిగా, 20 శాతం తేమతో ఉంటే, నీడలో గాలి తగిలేచోట వేలాడదీసిన తడిబట్ట 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. అదే గాలి 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమతో ఉంటే ఎన్నిసార్లు తడిపినా 30 డిగ్రీల కిందికి దిగదు. మొదటి రోజు బట్ట ఇచ్చే చలువ 18 డిగ్రీలు, రెండో రోజు 4 డిగ్రీలే. అంటే మనుషులు ఎండకు విలవిల్లాడే వడగాడ్పు రోజు మూటకు మంచిది, మనుషులు ఫరవాలేదనుకునే సముద్రపు గాలి రోజు మూటకు ప్రమాదం. థర్మామీటరు చూసి నిర్ణయించుకుంటే సరిగ్గా తలకిందులవుతుంది. చూడాల్సింది గాలిని.

మండె కట్టేవారికి తెలిసిన సంగతి

గింజ మొలకెత్తేటప్పుడు వేడి పుడుతుందని గోదావరి డెల్టా వరి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నారుమడికి వడ్లు 24 గంటలు నానబెట్టి, నీళ్లు ఓడ్చి, గోనెసంచుల్లోనో గడ్డి కప్పిన కుప్పగానో మండె కడతారు. మండెలోకి చెయ్యి దూరిస్తే వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం పైనుంచి పడిన ఎండది కాదు. గింజ నిద్ర లేచి ఊపిరి పీల్చుకుంటూ, తనలోని పిండిపదార్థాన్ని కరిగించుకుంటూ విడిచిన వేడి. దాళ్వా నారు పోసే చలి రోజుల్లో ఆ వేడి పోకుండా కప్పి, మండెను ఎక్కువ సేపు ఉంచుతారు. సార్వా నారు పోసే జూన్ ఉక్కలో దాన్నే తొందరగా విప్పుతారు, మధ్యలో తిరగేసి నీళ్లు చల్లుతారు. విప్పకపోతే మండె ఉడికిపోయి మొలక చచ్చిపోతుంది.

వంటింటి మూటలో జరిగేదీ ఇదే, కొలతే చిన్నది. బిగించి కట్టిన మూట నడిమధ్య గది కంటే వేడిగా ఉంటుంది. గది 34 ఉంటే మధ్యలోని గింజ ఇంకా ఎక్కువ వేడిలో ఉన్నట్టు. పెసలకు 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయి. 40కి చేరితే మొలక కుంటుపడుతుంది. అదే వేడిలో పాడుచేసే సూక్ష్మజీవులు మాత్రం పండగ చేసుకుంటాయి. వేసవి మొలకల గెలుపోటములన్నీ ఈ పోటీలోనే తేలతాయి. గింజ గెలవాలంటే దానికి రెండు పనులు చేసిపెట్టాలి: పుట్టిన వేడిని ఎప్పటికప్పుడు బయటికి తీసెయ్యాలి, నీరు నిలవకుండా గాలి ఆడనివ్వాలి. మిగతా చిట్కాలన్నీ ఈ రెండింటికీ లోబడ్డవే.

దేవాలయాల్లో అంకురార్పణ రాత్రి పూటే చేస్తారు. ఓషధులకు చంద్రుడు అధిపతి కనుక పగలు పనికిరాదని ఆగమం చెప్పే కారణం. తిరుమల బ్రహ్మోత్సవాల్లోనూ నవధాన్యాలు పుట్టమన్నులో పడేది ఆ లెక్కనే. శాస్త్రం ఏదైనా, వేసవిలో వంటింటి మొలకకూ రాత్రే మంచి ముహూర్తం. నానే గింజకు పగటి వేడి తప్పుతుంది.

మూట, సీసా, డబ్బా, కుండ

నానబెట్టడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. 12 గంటలు నానాలన్నది చలికాలపు లెక్క. మే నెలలో పెసలకు 6 నుంచి 8 గంటలు చాలు. పొద్దున్నకు నీటి మీద నురగ తేలిందంటే పులుపు మొదలైనట్టే. నీళ్లలో మునిగి ఉన్న గింజకు ఊపిరి ఆడదు కనుక ఎక్కువ నానితే బలం పెరగదు, తగ్గుతుంది. నీటి సంగతీ చూసుకోవాలి. ఒడ్డు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గింజ సరిగా నీరు పీల్చదు, మొలక ఆలస్యమవుతుంది. తాగే నీళ్లే వాడాలి. కాచి చల్లార్చినవైతే ఇంకా మంచిది.

బట్టమూట పాతకాలపు పద్ధతి. పడమటి గాలి వీచే రోజుల్లో దీన్ని మించింది లేదు. పల్చటి నూలుబట్టలో వదులుగా కట్టి, నీడలో గాలి తగిలేలా వేలాడదీసి, మూడు గంటలకోసారి తడుపుతుంటే చాలు. తడపడం మరిస్తే గింజ ఎండి ఆగిపోతుంది, అంతే గాని కుళ్లదు. సముద్రపు గాలి రోజున ఇదే మూట లోపలి వేడిని పట్టి ఉంచుతుంది. పైగా ముందటి వారం వాడిన బట్ట ఉతికి, మరిగే నీళ్లలో ముంచి, ఎండలో ఆరేయకపోతే పాత బంకలోని జీవులన్నీ కొత్త గింజలకు అంటుకుంటాయి.

మూతికి వలగుడ్డ కట్టి ఏటవాలుగా బోర్లించే గాజు సీసా అమెరికా, ఐరోపా ఇళ్లలో ఎక్కువ. కడగడం సులువు, లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. కానీ గాలి ఒక్క మూతి నుంచే ఆడాలి. సీసాలో సగానికి మించి గింజలు పోస్తే మన వాతావరణంలో అడుగున ఉక్క పట్టేస్తుంది. మూడు అరల ప్లాస్టిక్ మొలకల డబ్బా బజారులో దొరికేవాటిలో జనం ఎక్కువగా కొనేది. కింది అరలో నీరు నిలిచి ఉండేలా చేసిన తయారీ ఇది. చలికాలంలో ఆ నీరు తేమకు పనికొస్తుంది. వేసవిలో ఆ నీటిని ఖాళీ చేసి, మూత వారగా పెట్టి వాడుకుంటేనే మేలు. మట్టికుండ తడిబట్టలాంటిదే, పొడిగాలికి మాత్రమే చల్లబడుతుంది. దాని రంధ్రాల్లో చేరిన బంకను కడిగి వదిలించడం కష్టం కనుక నా ఓటు దానికి లేదు.

అన్నిటికంటే నమ్మకంగా పనిచేసేది ప్రతి ఇంట్లో ఉండే స్టీలు చిల్లుల గిన్నె. నానిన పెసల్ని అందులో రెండు వేళ్ల మందానికి మించకుండా పరిచి, కింద పళ్లెం పెట్టి, పైన పొడి పల్చటి బట్ట కప్పాలి. నాలుగైదు గంటలకోసారి గిన్నెను కుండనీళ్ల ధార కింద పెట్టి బాగా కడిగి, రెండు మూడు సార్లు విదిలించి, నీరంతా ఓడాక మళ్లీ కప్పాలి. నీళ్లు చల్లడం వేరు, కడగడం వేరు. చల్లితే తడి చేరుతుంది. కడిగితే గింజల మధ్య చేరిన వేడీ, బంకా కొట్టుకుపోతాయి. సముద్రపు గాలి రోజుల్లో మొలకను నిలబెట్టేది ఈ కడుగుడే.

ఇక ఆపడం. తోక అర సెంటీమీటరు దాటగానే వేసవిలో పని అయిపోయినట్టే. ఇంకాస్త పెరగనిద్దాం అనుకున్న పూటే పాడవుతుంది. చివరిసారి కడిగి, బాగా ఆరనిచ్చి, మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు నిలుస్తాయి. తడిగా పెడితే అక్కడా జిగటే. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో ఆ నమ్మకమూ తక్కువే కనుక, ఒక పూటకు సరిపడా గుప్పెడు గింజలే నానేసుకోవడం తెలివైన పని.

ఏ గింజ, ఎక్కడిది

వేసవికి పెసలే రాజు. వరి కోతల తరవాత మాగాణుల్లో వేసే అపరాల్లో ఇది ఒకటి, వేడి గింజ స్వభావానికి కొత్త కాదు. బొబ్బర్లు, ఉలవలు తరవాతి స్థానం. ఉలవ గట్టిది, కాస్త ఎక్కువ నానాలి, మొలక ఆలస్యం, కానీ తొందరగా కుళ్లదు. శనగ శీతాకాలపు పంట. గింజ పెద్దది, లోపలి దాకా నీరు పట్టడానికి సమయం పడుతుంది, ఆ లోపే పైన పులుస్తుంది. శ్రావణంలో వాయనమిచ్చే శనగలు ఒక్క రాత్రి నానినవే. వేసవిలో కూడా వాటిని అక్కడే ఆపి సాతాళించుకోవడం మంచిది.

కొన్నిటి జోలికి వెళ్లకూడదు. రాజ్మా గింజలో విషపదార్థం ఉంటుంది, మొలకెత్తినా పోదు, బాగా ఉడికితేనే పోతుంది. జొన్న మొలకలో సైనైడును విడిచే పదార్థం ఉంటుంది. లేత జొన్న మేసిన పశువుకు నాము తగలడానికి కారణం అదే. ఇక విత్తనాల దుకాణంలో కొన్నవి ఎంత నాణ్యమైనవైనా మొలకలకు పనికిరావు. మందు పట్టించిన విత్తనం అది, చాలాసార్లు రంగు కూడా వేసి ఉంటుంది. కిరాణా కొట్టులో తినడానికి అమ్మే గింజలే తెచ్చుకుని, పుచ్చులూ విరిగినవీ ఏరెయ్యాలి. కుళ్లు మొదలయ్యేది విరిగిన పప్పు దగ్గరే. ఏరడానికి పట్టే ఐదు నిమిషాలు వేసవిలో ఒక పూట మొలకను కాపాడతాయి.

పచ్చివా, ఉడికించినవా

అసలు వివాదం ఇక్కడుంది. దీనికి గోదావరి ఒడ్డున ఒక చరిత్ర ఉంది. 1929 మే నెలలో ఆంధ్ర పర్యటనలో ఉన్న గాంధీజీని రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు కలిశారు. పొయ్యి ఎక్కని ఆహారమే ఆరోగ్యమని ఆయన వాదన. గాంధీజీ ఆ వేసవిలోనే ప్రయోగం మొదలుపెట్టారు. రోజుకు 8 తులాల మొలకెత్తిన గోధుమలు, బాదం ముద్ద, నూరిన ఆకుకూర, నిమ్మకాయలు, తేనె ఆయన ఆహారం. కొన్ని రోజులు గోధుమల బదులు మొలకెత్తిన శనగలు. ఆశ్రమవాసులు కొందరు ఆయన్ని అనుసరించారు. ఆగస్టులో విరేచనాలు పట్టుకోవడంతో ఆయన ప్రయోగం ఆపి మళ్లీ మేకపాలకు వచ్చారు. ఆ సంగతి తన పత్రికలో దాచకుండా రాశారు. జబ్బుకు మొలకలే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. కానీ పచ్చి మొలకల మీద తెలుగువాళ్ల మోజుకు వందేళ్ల వయసుందనీ, ఆ మోజు మొదటి నుంచీ పరీక్షకు నిలవడానికి తంటాలు పడుతోందనీ ఈ కథ చెబుతుంది. మన కాలంలో ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు పుస్తకాలు, టీవీ ప్రసంగాలు మొలకల్ని ఇంటింటికీ చేర్చాయి. మేలూ జరిగింది. ఇడ్లీ, ఉప్మా తప్ప ఎరగని ఉదయాల్లోకి పప్పుగింజలు వచ్చాయి.

మరో వైపు సూక్ష్మజీవశాస్త్రం నుంచి వచ్చిన హెచ్చరికలు గట్టివి. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో వేలాదిమంది బడిపిల్లలు ప్రమాదకరమైన ఈ-కోలై బారిన పడినప్పుడు అనుమానం ముల్లంగి మొలకల మీద పడింది. 2011లో జర్మనీలో అదే జాతి సూక్ష్మజీవి ఇంకో రూపంలో సుమారు 4 వేల మందిని మంచాన పడేసింది, 50 మందికి పైగా చనిపోయారు. ఆరా తీస్తే తేలినవి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మొలకలు. మురికి మొలకెత్తించిన చోట మాత్రమే ఉండదు, గింజ పగుళ్లలో ముందే దాగి ఉంటుంది. వెచ్చదనం, తడి, కరిగిన పిండిపదార్థం అందగానే రెట్టింపవుతూ పోతుంది. అనుకూలమైన వేడిలో ఈ-కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ వేడి 37 డిగ్రీల చుట్టుపక్కల. ఉప్పాడ మే నెల మధ్యాహ్నం సరిగ్గా అదే.

పులిస్తే ఏం, మనం తరవాణి తాగే జనం కాదా అని ఎవరైనా అనవచ్చు. తరవాణిలో పులుపే కాపలా. ఆ ఆమ్లంలో చెడ్డ జీవులు బతకడం కష్టం. మొలకల్లో ఆ పులుపు ముదరదు, ముదిరేలోపే కుళ్లు వస్తుంది. అందుకే పులిసిన మొలకను కడిగి తినడం, నిమ్మరసం పిండి కప్పిపుచ్చడం రెండూ తప్పే. కంటికి బాగున్న మొలకైనా పసిపిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు, జబ్బుపడి లేచినవారికి పచ్చిగా పెట్టకూడదన్నది ఆహార భద్రతా సంస్థలు చాలాకాలంగా చెబుతున్న మాట.

పచ్చిగా తినడానికి చెప్పే గట్టి కారణం సి విటమిన్. ఎండు గింజలో అది దాదాపు ఉండదు, మొలకెత్తితే పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మెసొపొటేమియాలో భారతీయ సైనికులు స్కర్వీతో చిక్కిపోతుంటే, లండన్‌లో పరిశోధకులు హారియట్ చిక్, మార్గరెట్ హ్యూమ్ పప్పుగింజలు మొలకెత్తించి ఇమ్మని 1917లో సూచించింది ఈ గుణం కోసమే. పండూ కాయా దొరకని ఎడారి అది. ఉప్పాడ వేసవిలో పచ్చిమామిడి చెట్టునిండా ఉంటుంది, నిమ్మకాయ కొట్టులో ఉంటుంది. 100 గ్రాముల పెసర మొలకల్లో ఉండే 13 మిల్లీగ్రాముల సి విటమిన్ కోసం పచ్చిగా తిని ముప్పు తెచ్చుకోవాల్సిన అవసరం ఇక్కడ లేదు. ఆవిరి మీద ఐదారు నిమిషాలు ఉడికించి, తాలింపు పెట్టి, మామిడి తురుము కలుపుకుంటే పోయిన విటమిన్ కంటే ఎక్కువే తిరిగొస్తుంది.

మొలకెత్తితే మాంసకృత్తులు రెట్టింపవుతాయన్న ప్రచారమూ సరికాదు. 100 గ్రాముల ఎండు పెసల్లో 24 గ్రాముల మాంసకృత్తులుంటే, పొడవుగా పెరిగిన మొలకల్లో 3 గ్రాములే. మిగతాది నీరు. నిజమైన లాభాలు వేరే. ఇనుమును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరలు తగ్గుతాయి, తొందరగా ఉడుకుతుంది. ఈ మూడూ ఉడికించినా ఎక్కడికీ పోవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. తాజా చేప కరువై ఎండుచేప, పప్పులే దిక్కయ్యే ఆ రోజుల్లో బొబ్బర్ల మొలకల కూర, ఉలవ మొలకల గుగ్గిళ్లు, మొలకలు రుబ్బి పోసిన పెసరట్టు ఉప్పాడ వంటింటికి ఆషామాషీ సరదాలు కావు.

ఎండనే వాడుకునే మొలక

తడి మొలకకు వేసవి శత్రువైతే ఎండు మొలకకు మిత్రుడు. చోళ్లు, అదే రాగులు, రాత్రి నానేసి, ఒక రోజు మూటలో ఉంచితే తెల్లటి ముల్లులాంటి మొలక వస్తుంది. పలచగా చాప మీదో బట్ట మీదో ఎండబెడితే మే ఎండకు త్వరలోనే గలగలమంటాయి. చేతులతో నలిపి, చెరిగి మొలక ముక్కలు పోగొట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మరపట్టిస్తే జావ పిండి సిద్ధం. మొలకెత్తేటప్పుడు పుట్టిన ఎంజైములు పిండిని కొంత విడగొట్టడం వల్ల ఈ పిండితో కాచిన జావ పలచగా జారుతుంది, కాబట్టి పసిపిల్లలకు ఎక్కువ పిండి కలిపి పట్టవచ్చు. వానాకాలంలో ఇదే పని పెట్టుకుంటే ఎండక బూజు పడుతుంది. తీరంలో జాగ్రత్త ఒక్కటే: సాయంత్రం తేమగాలి తిరగకముందే గింజల్ని ఇంట్లోకి తెచ్చెయ్యాలి, పూర్తిగా ఎండకుండా డబ్బాలో పొయ్యకూడదు.

అన్నీ కలిపి చూస్తే తేలేది ఇది. ఉక్కపోత రోజున మూట వద్దు, చిల్లుల గిన్నె, తరచూ కడుగుడు, చిన్న తోక దగ్గరే ఆపేయడం, పొయ్యి ఎక్కించడం. పడమటి గాలి రోజున మూట కట్టుకోవచ్చు, తడపడం మరవకూడదు. వరసగా మూడు నాలుగు రోజులు ఎండ దంచుతుందనుకుంటే చోళ్లు మొలకెత్తించి ఏడాది జావకు సరిపడా ఎండబెట్టుకోవచ్చు. పచ్చి మొలకల సలాడ్ మాత్రం పిల్లలూ పెద్దలూ ఉన్న ఇళ్లలో ఏ కాలంలోనూ వద్దు. ఆరోగ్యంగా ఉన్నవారికి అంతగా ఇష్టమైతే కార్తీకం దాకా ఆగమనండి. ఏది చేసినా మూట విప్పగానే ముందు ముక్కును నమ్మాలి. వాసన తేడాగా ఉంటే గుప్పెడు పెసలు పెరటి మట్టిలో పారబోస్తే పోయేది రూపాయల్లోనే, తింటే పోయేది అంతకంటే చాలా ఎక్కువ.